పసిడి కణుపులు

రాయగడ
14 సెప్టెంబరు 2024

చి॥ ఝాన్సీలక్ష్మికి నాన్నమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి. నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. మోకాళ్లు తప్ప అందరం కులాసా.

చెవి మిషను పెట్టుకోమని, ఫోనులో మాట్లాడమని మీ నాన్నతో కబురంపావట. ముప్ఫయ్యొక్క ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఆ గోలంతా విన్న చెవులు ఇప్పుడు రిటైరయ్యాయి. వాటిని మళ్లీ డ్యూటీకి పిలవడం అన్యాయం. పైగా ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో పని చేసుకుంటావు. ఉత్తరానికి "ఊఁ" అని జవాబు రాయలేవు కదా.

నీ ఫొటో చేరింది. మోకాలి లోతు సముద్రంలో నిలబడి, చేతిలో చీపురుకట్టంత గోధుమరంగు పాచి పట్టుకుని నవ్వుతున్నావు. "ఎమ్మెస్సీ సదివించింది పాసి ఏరడానికేటి?" అని మీ అమ్మ. "పాచి కాదే, సముద్రపు నాచు. దాని జిగురుతో రక్తంలో కొవ్వును పట్టుకుంటారట" అని నిన్ను వెనకేసుకొచ్చాను. వెనకేసుకొచ్చాను గాని నాకూ బోధపడలేదు. వివరంగా రాయి. చిన్నపిల్లలకు చెప్పినట్టు మాత్రం రాయకు. నేను బరంపురంలో బి.ఎస్సీ. చదివేనాటికి మీ నాన్న పుట్టలేదు.

ఇక అసలు వార్త. మీ అక్క కూతురు మనీషకు పసిడి కణుపులు లేచాయి! మన ఇంట్లో ముప్ఫై దాటకుండా ఎవరికీ రాలేదు. మీ తాతకు ముప్ఫై నాలుగో ఏట వచ్చాయి, మీ నాన్నకు ముప్ఫై ఎనిమిదిలో. బుల్లత్తకు మడమ వెనక మాత్రం ఉంది, చీర అంచు కింద ఎవరికీ కనబడదు పాపం. ఈ పిల్లకు ఎనిమిదేళ్లు. వేలి ముడుల మీద, మోచేతుల మీద, మడమల మీద పసుపు అద్దిన సెనగబద్దల్లా ఉన్నాయి. లెక్కపెట్టాను, పదిహేడు. ఇంటి లక్ష్మి ఈసారి తొందరపడింది.

మార్గశిరంలో మొదటి లక్ష్మివారం నాడు కొత్త వలిసె గింజల బస్తా విప్పుతారు కదా. తొలి పిడికెడు మన ఇంటి పసిడి కణుపుల చెయ్యి తీస్తే గాని బేరం మొదలవదు. మీ ముత్తాత నాటి కట్టు. మొన్న సెమిలిగుడ నుంచి వలిసెల వ్యాపారి చిన్నబాబు పనిగట్టుకుని వచ్చాడు. "పంతులమ్మగోరూ, ప్రసాదు సెయ్యి పాతబడిపోనాది. ఈయేడు పాప సేత బోణీ సేయించండి. పిల్లకి కారు అంపుతాను" అన్నాడు. మీ నాన్న మొహం చూడాలి. సొంత కొలువులోంచి తీసేసినట్టు అయిపోయాడు.

పిల్ల కూడా మారింది. ఇదివరకు మేడ మీదికి కోతిపిల్లలా ఎగబాకేది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కి కూర్చుంటుంది, రొప్పుతూ. లక్ష్మి వచ్చాక గంభీరం రాకుండా ఎలా ఉంటుంది.

మజ్జిగౌరమ్మ నిన్ను కాపాడుగాక. నాచు మీద కాలు జారకు.

నాన్నమ్మ

*

మండపం
22 సెప్టెంబరు 2024

నాన్నమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు నా ప్రశ్నలకు జవాబు రాయి. మనీష కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి గీత ఉందా? మెట్లెక్కితే గుండె మీద చెయ్యి పెట్టుకుంటుందా? నిద్రలో ఆయాసపడుతుందా? రేపే పరగడుపున రక్తపరీక్ష చేయించు. కొలెస్టరాల్ అని రాయిస్తే చాలు.

నాన్నమ్మా, అవి పసిడి కాదు. కొవ్వు. రక్తంలో మోయలేనంత కొవ్వు ఉంటే చర్మం కిందా, నరాల కట్ల మీదా పేరుకుంటుంది. బయట అలా కనబడుతోందంటే లోపల గుండె గొట్టాల్లోనూ అదే జరుగుతోందని.

నువ్వు నన్ను తిట్టే ముందు నేనే ఒప్పుకుంటాను. నాన్న చేతులు చూస్తూ పెరిగాను. నాకూ తట్టలేదు. ఈ ల్యాబ్‌లో చేరిన రెండో నెలలో ఒక డాక్టరు వచ్చి పాఠం చెప్పారు. తెర మీద ఒక చేతి ఫొటో వేశారు. మన హాల్లో తాత ఫొటో ఇక్కడికెలా వచ్చిందా అనుకున్నాను! అది తాత చెయ్యి కాదు. ఏదో దేశంలో ఎవరిదో. కింద జబ్బు పేరు రాసి ఉంది. ఆ రోజే నాన్నకు ఫోన్ చేశాను. "స్టెంట్ ఏసేరు కదమ్మి, మాత్తర్లు మింగుతున్నాను కదా" అన్నారు. పిల్లలకు ఈ వయసులో వస్తుందని నేను అనుకోలేదు.

నేను చేసేది ఆ కొవ్వు పనే. సముద్రపు నాచులో ఒక జిగురు ఉంటుంది, పొడవాటి చక్కెర గొలుసులు. ఆ జిగురు చెడ్డ కొవ్వును పట్టుకుంటుంది. మిగతాది తరవాత రాస్తాను. అక్కకు ఫోన్ చేస్తే "నాన్నమ్మ సెప్తే సూద్దాం" అంది. నువ్వు చెప్పు.

ఝాన్సీ

*

రాయగడ
1 అక్టోబరు 2024

చి॥ ఝాన్సీలక్ష్మికి,

నీ ఉత్తరంలో క్షేమం అడగడం లేదు, వాన పడిందా అని లేదు. పోలీసు స్టేషన్లో అడిగినట్టు ప్రశ్నలు. ఉద్యోగం వచ్చాక మర్యాద కూడా సముద్రంలో కలిపావా?

నాలుగు తరాలుగా ఈ ఇంటి చేతికి ఊరు దణ్ణం పెట్టింది. సెమిలిగుడ నుంచి గుణుపురం దాకా వ్యాపారస్తులు ఆ చేతి కోసం కాచుకున్నారు. నువ్వు ఒక్క కాగితం ముక్క మీద దాన్ని కొవ్వు అనేశావు. నీకు రాలేదని కడుపుమంటా? మీ అక్కకూ రాలేదు, దానికి లేని మంట నీకెందుకు? దాని మాట కూడా విను: "కొవ్వేటి నాన్నమ్మా, గుంట సూడు, పుల్లలాగుంది!" నిజమే. ఇరవై రెండు కిలోలు. కొవ్వు అంటే దాని ఒంటి మీద దొరికితే చూపించు.

అయినా నేను మొండిదాన్ని కాను. (మీ నాన్న పక్కనుంచి నవ్వాడు. వాడికి ఈ గదిలో పనేమిటో.) నువ్వు రాసిన నాచు సంగతి ఆలోచించాను. చైనాగ్రాస్ కూడా సముద్రపు నాచే కదా. అందుకని విజయనగరం నుంచి పొట్లాలు తెప్పించి, రోజూ పిల్లకు గిన్నెడు పెడుతున్నాను. చిక్కటి పాలు, చక్కెర, పైన నేతిలో వేయించిన జీడిపప్పు. ఇష్టంగా తింటోంది. నీ జిగురు కొవ్వు పట్టుకుంటే పట్టుకుంటుంది, లేకపోతే పిల్ల నాలుగు కిలోలు పెరుగుతుంది. రెండూ లాభమే.

కంటి చుట్టూ తెల్లగీత ఉంది. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు అందంగా ఉంటుంది. అదెందుకడిగావు?

రక్తపరీక్ష బోణీ అయ్యాక చూద్దాం. సూది గుచ్చిన చెయ్యి ఆ రోజుకు పనికిరాదు అని మీ బావ సుమంత్ అంటున్నాడు.

నాన్నమ్మ

*

మండపం
9 అక్టోబరు 2024

నాన్నమ్మా,

వాన పడింది. క్షేమం. నువ్వు క్షేమమా? అయింది కదా, ఇప్పుడు విను.

ఆ గిన్నె ఆపు. పాలు, నెయ్యి, చైనాగ్రాస్ ఇవాళే ఆపు! ఇది తినే నాచు సంగతి కాదు. నోట్లోంచి వెళ్లిన జిగురు పొట్టలోనే ఉండిపోతుంది, రక్తంలోకి రాదు. తప్పు నాదే, సగం రాసి పంపాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

మనిషి రక్తాన్ని ఒక చేతిలోంచి సన్నటి గొట్టంలో బయటికి తెస్తారు. యంత్రం దాన్ని రెండుగా విడదీస్తుంది. ఎర్ర కణాలు ఒకవైపు, పసుపు నీళ్లు ఒకవైపు. ఆ నీళ్లనే ప్లాస్మా అంటాం. కొవ్వంతా అందులో తేలుతుంది. ఆ నీళ్లను సన్న పూసలు నింపిన సీసాలోంచి పంపుతారు. పూసల ఒంటినిండా ఇలాంటి జిగురు అంటించి ఉంటుంది. ఉత్తరేణి చేలోంచి నడిస్తే గింజలు చీర అంచుకే పట్టుకుంటాయి, వెండి పట్టీకి పట్టుకోవు, చూశావా? అలా. చెడ్డ కొవ్వు రేణువు మీద ఒక మాంసకృత్తు చుట్టుకుని ఉంటుంది, జిగురు దాన్నే పట్టుకుంటుంది. మంచి కొవ్వుకు ఆ చుట్టు లేదు. అది జారిపోతుంది. శుభ్రమైన నీళ్లు మళ్లీ ఎర్ర కణాలతో కలిసి రెండో చేతిలోంచి ఒంట్లోకి వెళ్లిపోతాయి.

ఇక రాయడానికి చెయ్యి రాని మాట. ఈ జబ్బు తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని ఒక్క పాలు వస్తే ముప్ఫై దాటాక కనబడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే చిన్నప్పుడే కనబడుతుంది. అక్క నాన్న కూతురు. సుమంత్ బావ బుల్లత్త కొడుకు. నాన్న, అత్త ఇద్దరూ తాత పిల్లలు. కణుపులు లేకపోయినా అక్క, బావల రక్తంలో ఉండవచ్చు, నా రక్తంలో ఉన్నట్టే. నాది చూపించుకున్నాను. ఉంది. మందు మొదలుపెట్టాను.

కొవ్వు అంటే నమ్మకపోతే పోనీ. నువ్వు లెక్కల పంతులమ్మవి. మన ఇంట్లో పసిడి కణుపులు ఉన్నవాళ్ల పేర్లు వరసగా రాయి. పక్కన పోయిన వయసు రాయి. అంతే అడుగుతున్నాను. నీకిష్టమైతే జవాబు రాయి, కోపమైతే రాయొద్దు. లెక్క మాత్రం చెయ్యి.

ఝాన్సీ

*

రాయగడ
22 అక్టోబరు 2024

ఝాన్సీ,

లెక్క చేశాను.

హాల్లో ఫొటోలన్నీ దింపించి మంచం మీద పరిచాను. యాభై ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఆ ఫొటోలు తుడిచాను, దండలు వేశాను. అందులో మగవాళ్లందరూ ఒకే తీరుగా కూర్చుంటారు. రెండు పిడికిళ్లు మోకాళ్ల మీద పెట్టి, కణుపులు కెమెరాకు కనబడేలా. కొత్తకోడలు గాజులు చూపించుకున్నట్టు. ఫొటోగ్రాఫరు వచ్చిన రోజున నేనే మీ తాతతో అన్నాను, "చెయ్యి కొంచెం ముందుకు పెట్టండి, వెలుతురు పడాలి" అని.

మీ ముత్తాత, నలభై నాలుగు.
మీ పెద్ద తాత, ముప్ఫై ఎనిమిది.
మీ తాత సుందరరావు, నలభై ఒకటి.
మీ నాన్నకు నలభై తొమ్మిదిలో స్టెంట్ వేయకపోతే నాలుగో పేరు వాడిది.

కణుపులు లేని మా చిన్న మరిదికి డెబ్భై మూడు. ఇప్పుడే ఇడ్లీలో పచ్చడి చాల్లేదని పోట్లాడుతున్నాడు.

మూడు పేర్లు, మూడు వయసులు. ఐదో తరగతి పిల్ల చేసే లెక్క. నా ముందు నలభై ఏళ్లుగా గోడకు వేలాడుతోంది, నేను చెయ్యలేదు. మీ తాత కుర్చీలో కూర్చుని కూర్చునే పోతే, "లక్ష్మీపుత్రుడు, ఒకరిని నీళ్లు అడగకుండా పోయాడు" అని వచ్చినవాళ్లు అన్నారు. నేనూ తల ఊపాను.

మీ అక్క శ్రీదుర్గకు బరంపురం సంబంధం వచ్చింది, నీకు గుర్తుందో లేదో. కుర్రవాడు బంగారం. నేను కాదన్నాను. "పసిడి చెయ్యి పై ఇంటికి పోకూడదు, బుల్లి కొడుకు ఉండగా" అన్నాను. ఆ మాట ఇంకెవరూ అనలేదు. నేనే అన్నాను.

పిల్లకు రక్తపరీక్ష చేయించాను. 742. కాగితం ఇచ్చిన అబ్బాయి మిషను పాడైందేమో అని మళ్లీ చేశాడు. మళ్లీ 742. ఇక్కడి డాక్టరు మాత్రలు రాశాడు, మొదలుపెట్టాం. వీటితో సరిపోదు, పెద్ద ఊరు తీసుకెళ్లండి అన్నాడు.

అందుకని మీ మండపం పక్కనున్న రామేశ్వరానికి టికెట్లు తీయించాను. నవంబరు 4న నేనూ పిల్లా దాని అమ్మా నీ దగ్గరికి వస్తున్నాం. నీ నాచు సీసా సిద్ధం చేసి పెట్టు.

నాన్నమ్మ

*

మండపం
29 అక్టోబరు 2024

నాన్నమ్మకు,

రావొద్దు. ఈ ఉత్తరం స్పీడు పోస్టులో పంపుతూ అక్కకు కూడా ఫోన్ చేశాను. టికెట్లు రద్దు చేయించు.

కోపం తెచ్చుకోకు. మా నాచు జిగురు ఇంకా గాజు గొట్టాలు దాటి బయటికి రాలేదు. ఒక మనిషి ఒంట్లోకి తిరిగి వెళ్లే నీళ్లను దాని మీదుగా పంపడానికి ఎవరికీ అనుమతి లేదు, ఉండకూడదు కూడా. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వకపోవచ్చు, ఇంకేదైనా మంచిదాన్ని కూడా పట్టుకోవచ్చు. అన్నీ చూడడానికి ఏళ్లు పడుతుంది. మనీషకు ఏళ్లు లేవు.

కాని ఇలాంటి యంత్రమే, వేరే జిగురుతో, ఎన్నో ఏళ్లుగా మనుషులకు వాడుతున్నది ఉంది. విశాఖలో ఒక ఆసుపత్రిలో చేస్తారు. డాక్టరుతో మా గైడు మనోరంజన్ గారు మాట్లాడారు. ఆయనది కొరాపుట్టే. రాయగడ పంతులమ్మగారంటే ఆయన అక్కకు లెక్కలు చెప్పింది నువ్వేనట. ఆవిడ ఇప్పటికీ నీ పేరు చెబితే లేచి నిలబడుతుందట.

ఒక్కటి మాత్రం అడుగుతాను. అక్కడ పరీక్షలకు రక్తం తీసినప్పుడు, డాక్టరు సరేనంటే, అక్కా బావా సంతకం పెడితే, కొద్దిగా ప్లాస్మా మాకు పంపమను. పిల్ల ఒంట్లోకి తిరిగి వెళ్లదు. మా గాజు గొట్టంలో నాచు దాన్ని ఏం చేస్తుందో చూస్తాం.

లెక్కలో ఇంకో వరస రాయి నాన్నమ్మా. తాత పోయినప్పుడు నీ వయసు ముప్ఫై ఆరు. ఇద్దరు పిల్లలతో బడికి వెళ్లి అందరినీ నిలబెట్టావు. పెళ్లి నువ్వు కుదిర్చావు, నిజమే. జబ్బును తెచ్చింది నువ్వు కాదు.

ఝాన్సీ

*

రాయగడ
17 నవంబరు 2024

చి॥ ఝాన్సీకి ఆశీస్సులు.

విశాఖ వెళ్లి వచ్చాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, జడలో చామంతి పెట్టుకుంది. ఈవిడకేం తెలుసు అనుకున్నాను. గుండె బొమ్మ తెర మీద వేసి, నాకు వినబడదని కాగితం మీద గీసి చూపించింది. పెద్ద గొట్టం మొదట్లో కవాటం చుట్టూ తెల్లగా పేరుకుంది. మెట్లెక్కినప్పుడు ఆయాసం అందుకే. నేను గంభీరం అనుకున్నాను. పదిహేను రోజులకొకసారి యంత్రం మీద పడుకోవాలి, జీవితాంతం, లేదా ఇంకా మంచి మందు వచ్చేదాకా. ఆలస్యమైతే పదేళ్లు నిండకముందే ముప్పు రావచ్చు అని కాగితం మీద రాసి, ఆ మాట పిల్ల చూడకుండా చేత్తో మూసింది. అప్పుడు ఆవిడకు తెలుసు అనుకున్నాను.

యంత్రం ఖాళీ ఉన్న మొదటి రోజు డిసెంబరు 5. అది మార్గశిర మొదటి లక్ష్మివారం.

ఇంటికి రాగానే పంచాయితీ మొదలైంది. చిన్నబాబు వచ్చి కూర్చున్నాడు. సుమంత్ నేల చూపులు. వాళ్లు నా చెవికి వినబడేలా అరిచారు గనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒక్క వారం ఆగితే ఏటవుతాది పంతులమ్మగోరూ? బోణీ అయిపోనాక అంపండి. కొరాపుట్టు దాకా మాట ఇచ్చీసేను."

"నువ్విచ్చిన మాటకి పిల్ల గుండె జామీనా?" అన్నాను.

"అది కాదమ్మా. మరి ఆ మిషన్లో పెడితే కణుపులు కరిగిపోతాయట గదా. లచ్చిమి ఎలిపోతాది."

శ్రీదుర్గ ఏడుస్తూ, "ఎలిపోతే ఎలిపోనీ బాబాయ్, నా పిల్ల ఉంటే సాలు" అంది. సుమంత్‌కు మాత్రం వాడి తాత, వాడి మేనమామ, వాడి ఊరు, అన్నీ నాలుక మీద కూర్చున్నాయి.

నేను లేచి లోపలికెళ్లి మూడు ఫొటోలు తెచ్చాను. చిన్నబాబు ఒళ్లో పెట్టాను. వేలితో ఒక్కొక్క పిడికిలీ చూపించి, ఒక్కొక్క వయసూ చెప్పాను. "వీళ్ల ముగ్గురి బోణీ నువ్వో, మీ నాన్నో తిన్నారు. వీళ్లు ముసలితనం తినలేదు. నాలుగోది ఎనిమిదేళ్లది. అడుగు, ఇప్పుడు అడుగు" అన్నాను.

చిన్నబాబు చాలాసేపు మీ తాత ఫొటో చూశాడు. తరవాత తన మోచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మీ ముత్తాత చెల్లెలి మనవడు కదా వాడు. నాకు ఆ చుట్టరికం ఆ క్షణం దాకా గుర్తు రాలేదు. "నాకూ రెండున్నాయమ్మా," అన్నాడు, "పొక్కులనుకున్నాను. మీ ఇంటోల్లకి ఉన్నట్టు లేవని సిగ్గుపడ్డాను."

అప్పుడు సుమంత్ లేచి, "రైలు టికెట్లు తీయిస్తాను అమ్మమ్మా" అన్నాడు. అంతే.

నీ ప్లాస్మాకు వాళ్లిద్దరూ సంతకం పెట్టారు. డాక్టరమ్మ ఐసు పెట్టెలో పంపిస్తానంది. నీ నాచును అడిగానని చెప్పు.

నాన్నమ్మ

*

మండపం
28 నవంబరు 2024

నాన్నమ్మకు నమస్కారాలు.

పెట్టె వచ్చింది. మనీష ప్లాస్మా, చిన్న సీసాలో. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ముదురు పసుపు. సీసాను రెండు చేతులతో పట్టుకున్నాను. మనోరంజన్ గారు కుర్చీ లాగి వెనక పెట్టారు.

అందులో చెడ్డ కొవ్వు 612. నాచు జిగురు అంటించిన పూసల గొట్టంలోంచి ఒక్కసారి పంపాం. కింద చుక్క చుక్కగా దిగింది. ఇరవై నిమిషాలు. కొలిస్తే 148. నమ్మలేదు. మళ్లీ కొత్త గొట్టంతో, కొత్త పూసలతో చేశాం. 151. మూడోసారి 146. మంచి కొవ్వు ముందు 31, తరవాత 29.

ఇది మందు కాదు. మళ్లీ రాస్తున్నాను, ఇది మందు కాదు. రాయవలసింది ఇంకా చాలా ఉంది, తప్పులు వెతకవలసింది ఇంకా ఎక్కువ ఉంది.

కాని ఒక మాట నీకే చెప్పుకోవాలి. ఆ నాచును నేనే తీశాను, నువ్వు ఫొటోలో చూసిన చోటే. దానికి రక్తం లేదు. గుండె లేదు. అలలకు చిరిగిపోకుండా, ఎండలో పీక్కుపోకుండా ఉండడానికి ఆ జిగురు చేసుకుంది, మనిషి పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందు. రాయగడలో ఒక పిల్ల పుడుతుందని దానికేం తెలుసు? అయినా ఆ పిల్ల నెత్తుటినీళ్లు దాని మీదుగా వెళ్తే, ఏది ఉంచాలో ఏది ఆపాలో తెలిసినట్టు ఆపింది. నేను రసాయనం చదువుకున్నాను. ఎందుకు ఆపిందో బోర్డు మీద రాసి చెప్పగలను. చెప్పాక కూడా ఆశ్చర్యం తగ్గడం లేదు.

లక్ష్మివారం నాడు నేను ల్యాబ్‌లోనే ఉంటాను. ఫోన్ చేతిలోనే పెట్టుకుంటాను. అక్క చేత మెసేజ్ పెట్టించు. నువ్వు మాత్రం ఉత్తరం రాయి.

ఝాన్సీ

*

విశాఖపట్నం
6 డిసెంబరు 2024

చి॥ ఝాన్సీలక్ష్మికి నాన్నమ్మ దీవెనలు.

నిన్న మూడు గంటల సేపు ఒక స్టూలు మీద కూర్చున్నాను. నా మోకాళ్లు ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. వాటికీ చూడాలని ఉందేమో.

పిల్లకు రెండు చేతులకూ గొట్టాలు పెట్టారు. సుబ్బులు అనే నర్సు, పార్వతీపురం పిల్ల, గుచ్చేటప్పుడు "బంగారూ, సీమ కుట్టినట్టుంటాది, అంతే" అంది. మనీష ఏడవలేదు. "సీమ ఇంత పెద్దదా?" అంది.

గొట్టంలో ఎరుపు బయటికి వచ్చింది. యంత్రం గిర్రున తిరిగి దాన్ని విడదీసింది. పసుపు నీళ్లు విడిగా వచ్చాయి. పుస్తకంలో ఉన్నట్టే. డెబ్భయ్యారేళ్లుగా రక్తం అంటే ఎరుపే అనుకున్నాను. ఎర్రదనమంతా పక్కకు తీస్తే లోపల ఇంత పసుపు ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? ఆ నీళ్లు జానెడు సీసాలోకి వెళ్లాయి. లోపల తెల్లటి పూసలు, బియ్యప్పిండిలా. సుబ్బులు నా భుజం తట్టి చూపించింది. పైనుంచి ఒక పసుపు గీత మెల్లగా కిందికి దిగడం మొదలైంది. తెలుపు మీద పసుపు, వేలెడు, రెండు వేళ్లు. సీసాలోంచి కిందికి వచ్చే నీళ్లు మాత్రం లేతగా, కొబ్బరినీళ్లకు దగ్గరగా ఉన్నాయి. ఒకే నీళ్లు. పైన ఒకటి, కింద ఒకటి. మధ్యలో ఎవరూ లేరు, చెయ్యి లేదు, జల్లెడ లేదు. ఊరికే తాకడం, పట్టుకోవడం, వదిలేయడం.

నేను దేవుడి ముందు కళ్లు మూసుకుంటాను. అక్కడ కళ్లు మూయలేకపోయాను, రెప్ప వేస్తే ఏదైనా పోతుందేమో అని.

అది నీ జిగురు కాదని నాకు తెలుసు, నాచుది కాదని తెలుసు. అయినా నీ 148 కాగితం నా చేతిసంచిలో ఉంది. నీ పని ఇక్కడికి రావడానికి ఎన్నేళ్లు పట్టినా, ఆ సీసా ముందు మరో పిల్ల పడుకుంటుంది, మరో ముసల్ది స్టూలు మీద కూర్చుంటుంది. తొందరపడి తప్పు చేయకు. నిద్రపోయి ఆలస్యమూ చేయకు.

చెడ్డ కొవ్వు మొదలు 598, చివర 171. డాక్టరమ్మ కాగితం మీద రాసి ఇచ్చింది. రెండు వారాల్లో మళ్లీ పెరుగుతుంది, మళ్లీ రావాలి. కవాటం దగ్గర పేరుకున్నది అంత తొందరగా కరగదు, పూర్తిగా కరుగుతుందని ఆవిడ మాట ఇవ్వలేదు. నేనూ అడగలేదు. పదేళ్లు నిండకముందే అన్న మాట ఆవిడ మళ్లీ రాయలేదు. అది చాలు ఈ డిసెంబరుకు.

అంతా అయ్యాక సుబ్బులు ఆ సీసాను విప్పి ట్రేలో పెట్టింది. అడుగున రెండు వేళ్లు తప్ప మిగతాదంతా పసుపు. మనీష మంచం మీదనుంచి మెడ సాచి చూసింది. దాని మాట నాకు వినబడలేదు. రెండోసారి నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అడిగింది.

"పెద్దమామ్మా, ఇదంతా నాలోంచి వచ్చిందా?"

"నీలోంచే అమ్మి."

అది ఆ సీసా వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది. కొంచెం భయపడినట్టే ఉంది.

"మరి నాలో ఏటి మిగిలింది?"

ముప్ఫయ్యొక్క ఏళ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పాను. తీసివేత లెక్క, ఝాన్సీ. ఇంత తేలికైన లెక్క నన్నెవరూ అడగలేదు.

"నువ్వు" అన్నాను.

నాన్నమ్మ